చిన్న పిల్లలకు చెట్లు, పురుగులు, పిట్టలను గుర్తుపట్టడం ఎలా నేర్పాలి?

పిల్లల్ని చెట్ల మధ్యకు తీసుకెళ్లగానే మనకు ఆత్రం మొదలవుతుంది. "అదిగో గోరింక, ఇది రావి, అది తూనీగ" అని వరసపెట్టి చెప్పేస్తాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇంటికొచ్చి అడిగితే మా పాపకు ఒక్క పేరూ గుర్తులేదు. పేరు ముందే చెప్పేస్తే ఇక చూడాల్సిన పనేముంది? అందుకే పేరు కాస్త ఆపి, ముందు తేడా కనిపెట్టనివ్వండి.

1. ఒకటి కాదు, రెండు చూపించండి

ఒక్క ఆకు చూపిస్తే "ఆకు" అంటారు, అంతే. రాలిన రావి ఆకు ఒకటి, వేప రెబ్బ ఒకటి ఏరి చేతికిచ్చి "రెండూ ఒకేలా ఉన్నాయా?" అని అడగండి. అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం! రావి ఆకుకు తోక ఉందని, వేపాకు అంచు రంపంలా ఉందని కాసేపటికి వాళ్లే చెప్తారు. పేరు చెప్పాల్సింది అప్పుడు.

ఇక్కడ పెద్దవాళ్లం కూడా ఒక పొరపాటు చేస్తుంటాం. వేపాకు అని మనం తుంచి చూపించేది పూర్తి ఆకు కాదు. సన్నటి పుల్లకు రెండు వైపులా ఉన్న చిన్నాకులన్నీ కలిస్తేనే ఒక ఆకు. నమ్మకం కుదరకపోతే మొగ్గ కోసం వెతకండి. పుల్ల కొమ్మను కలిసే మూలలో మొగ్గ ఉంటుంది, చిన్నాకుల మొదట్లో ఉండదు. ఐదారేళ్ల పిల్లలకు ఈ వెతుకులాట భలే నచ్చుతుంది. మరీ చిన్నవాళ్లయితే వదిలేయండి.

ఇంట్లో చేయడానికి ఇంకో పని: ఆకును బోర్లా పెట్టి, పైన పల్చటి కాగితం వేసి, క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి రుద్దించండి. ఈనెలు అచ్చుపడతాయి. గడ్డి, వెదురు ఆకుల్లో గీతలు పక్కపక్కనే సాగుతాయి. రావి, మందారం ఆకుల్లో వలలా అల్లుకుంటాయి.

2. కాళ్లు లెక్కపెట్టించండి

అంకెలు వచ్చిన పిల్లలకు పురుగులు మంచి ఆట. చీమకు ఆరు కాళ్లు, తూనీగకు ఆరు, సీతాకోకచిలుకకూ ఆరే. సాలీడుకు మాత్రం ఎనిమిది, కాబట్టి అది కీటకం కాదు. సీతాకోకచిలుక మీసాల చివర చిన్న బుడిపె ఉంటుంది. రాత్రి దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల్లో చాలావాటికి మీసాలు దారంలాగో ఈకలాగో ఉంటాయి.

3. పిట్టలను రంగుతో మొదలుపెట్టకండి

పిట్ట ఆగదు, రంగు సరిగా కనబడేలోపే ఎగిరిపోతుంది. పిచ్చుక కంటే పెద్దదా? కాకి కంటే చిన్నదా? నడుస్తోందా, గెంతుతోందా? పిచ్చుక గెంతుతుంది, గోరింక నడుస్తుంది. పైగా రంగు మోసం చేస్తుంది. మగ కోయిల నిగనిగలాడే నలుపు, కళ్లు ఎరుపు. ఆడ కోయిల గోధుమ రంగులో, ఒంటినిండా తెల్ల మచ్చలతో వేరే పిట్టలా ఉంటుంది. "కుహూ" అని కూసేది మగదే.

4. ముట్టుకోవడానికి హద్దులు పెట్టండి

ఏదీ నోట్లో పెట్టకూడదు. అడగకుండా ముట్టుకోకూడదు. ఈ రెండూ మొదటిరోజే చెప్పాలి. గన్నేరు, ఉమ్మెత్త విషం. ఎర్రగా మెరిసే గురివింద గింజలూ అంతే, వాటిని చూస్తే పిల్లల చేయి ఆగదు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. నూగున్న గొంగళిపురుగులను, జెర్రులను దూరం నుంచే చూపించండి.

5. తప్పు చెప్తే దిద్దకండి, అడగండి

"ఏం చూసి అలా అనుకున్నావు?" అంటే మళ్లీ చూస్తారు. "తోకాకు చెట్టు" అని సొంత పేరు పెడితే కొన్నాళ్లు అలాగే పిలవండి. మీకే తెలియకపోతే టెన్షన్ వద్దు. సీక్ యాప్ ఫొటోను బట్టి, మెర్లిన్ యాప్ పిట్ట కూతను బట్టి కూడా పేరు సూచిస్తాయి. అవీ తప్పు చెప్పొచ్చు కాబట్టి ఫోన్ చివర్లోనే తీయండి.

కొన్ని నెలలయ్యాక అదే రావి దగ్గరకు మళ్లీ తీసుకెళ్లండి. కొత్త చిగుళ్లు వేసినప్పుడైతే ఆకులు రాగి రంగులో ఉంటాయి. "ఇది మన చెట్టు కాదు" అంటారు. ఏమీ చెప్పకుండా ఒక చిగురాకు చేతికివ్వండి. తోక కనబడేదాకా ఆగండి.