ఎవరో కట్టిన కోబ్రా కొనేముందు

అసలు షెల్బీ కోబ్రా, అంటే 1960ల నాటి ఆ స్పోర్ట్స్ కారు, మనలాంటి జీతగాళ్లకి అందేది కాదు. 1962లో కారల్ షెల్బీ ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ నుంచి బాడీ, ఛాసిస్ తెప్పించి అందులో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజను కూర్చోబెట్టాడు. మొత్తం తయారైనవి సుమారు వెయ్యి. మొట్టమొదటిది, సీఎస్ఎక్స్ 2000, 2016 వేలంలో కోటీ ముప్ఫై ఏడున్నర లక్షల డాలర్లు పలికింది. అందుకే అమెరికాలో రోడ్ల మీద కనిపించే కోబ్రాలు దాదాపు అన్నీ రెప్లికాలే, అంటే అసలుదాన్ని చూసి కట్టిన నకళ్లే. బాడీ ఫైబర్‌గ్లాస్, ఛాసిస్ కొత్తగా వెల్డింగ్ చేసింది. ఇంజను, గేరుబాక్సు, వెనక యాక్సిల్ చాలావాటిలో పాత ఫోర్డ్ మస్టాంగ్ కారువి. నాదీ అలాంటిదే. ఎవరైనా అడిగితే రెప్లికా అనే చెప్తాను, అందులో దాచడానికేముంది?

ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీల నుంచి కిట్ (విడిభాగాల సెట్టు) తెప్పించుకుని గరాజ్‌లో మనమే కట్టుకోవచ్చు. సూపర్‌ఫార్మెన్స్ వాళ్లవైతే దక్షిణాఫ్రికాలో రంగుతో సహా తయారై వస్తాయి, ఇంజను, గేరుబాక్సు మాత్రం ఇక్కడ అమెరికాలో వేయించుకోవాలి. మొదటిసారైతే మాత్రం ఎవరో కట్టేసింది కొనమంటాను. కట్టినవాడికి సామాను ఖర్చే పూర్తిగా తిరిగి రాదు, ఇక శ్రమకి డబ్బులు ఎక్కడివి? ఆ మేరకు మీకు లాభం. చిక్కల్లా అతని చేతిపనితోనే. ఒకే కిట్‌తో ఇద్దరు కడితే రెండు వేరే కార్లవుతాయి.

కారు చూడ్డానికి బయల్దేరకముందే టైటిల్ (కారు యాజమాన్య పత్రం) ఫోటో పంపించమనండి. కొన్ని రాష్ట్రాలు కారు కట్టిన సంవత్సరం రాస్తాయి, కొన్ని 1965 అని, అంటే అది ఏ కారుని పోలి ఉందో ఆ సంవత్సరం రాస్తాయి. రెండూ ఫరవాలేదు. టైటిల్ మీద "1989 ఫోర్డ్ మస్టాంగ్" అని ఉండి, విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) సామాను కోసం విప్పేసిన ఆ మస్టాంగ్‌దే అయితే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి. రేపు మీ రాష్ట్రం డీఎంవీలో (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే అక్కడే ఆగిపోతుంది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. అక్కడ ఇలాంటి కార్లకి పొగ పరీక్ష వెసులుబాటు ఏడాదికి 500 మాత్రమే ఇస్తారు. కిట్ కంపెనీ ఇచ్చిన ఒరిజిన్ సర్టిఫికెట్, సామాను బిల్లులు, కట్టేటప్పటి ఫోటోలు కూడా అడగండి. బాడీ ఎక్కించాక కనిపించని వెల్డింగులు, పైపులు ఆ ఫోటోల్లోనే కనిపిస్తాయి. ఫోటోలు తీసి పెట్టుకున్నవాడు సాధారణంగా పనీ శ్రద్ధగా చేసుంటాడు.

మాది విజయవాడ ఆటోనగర్ పక్కన. అక్కడ పాత లారీ కొనేవాళ్లు రంగు చూసి మోసపోరు, ముందు కిందకి దూరి ఛాసిస్ చూస్తారు. ఇక్కడా అంతే. జాక్, స్టాండులు, టార్చి మీరే పట్టుకెళ్లండి. బోల్టుల మీద పెయింట్ పెన్నుతో గీసిన గీత ఉందా చూడండి. బోల్టు సరిగ్గా బిగించి చూసుకున్నాడనడానికి అదే గుర్తు.

బ్రేకుల దగ్గర ఎక్కువసేపు ఉండండి. 1987-93 మామూలు మస్టాంగ్‌కి వెనక డ్రమ్ములు, చక్రానికి నాలుగు బోల్టులు. 1994 నుంచి నాలుగు చక్రాలకీ డిస్కులు, ఐదు బోల్టులు. సామాను ఏ ఏడాది కారుదో దీన్నిబట్టి ఊహించవచ్చు. మధ్యలో రెక్కల నట్టు ఉంటే బోల్టులు కనబడవు కాబట్టి చక్రం విప్పించండి. విప్పనివ్వకపోతే నేనైతే వచ్చేస్తాను. బ్రేకు పైపులు సైలెన్సర్ గొట్టాలకి ఎంత దూరంలో ఉన్నాయో, ఎక్కడైనా రాసుకుంటున్నాయో కూడా చూడాలి. పెడల్ గట్టిగా ఉంటే కంగారుపడకండి, వీటిలో చాలావాటికి బూస్టర్ (కాలి బలానికి తోడిచ్చే పరికరం) ఉండదు.

రోల్ బార్‌ని, అంటే కారు బోల్తాపడితే తలని కాపాడే సీటు వెనక కమ్మీని, గట్టిగా ఊపండి. అది ఛాసిస్‌కి బిగించి ఉండాలి, ఫైబర్‌గ్లాస్‌కి మాత్రమే బిగించి ఉంటే అలంకారం కిందే లెక్క. డాష్‌బోర్డు కింద వైర్లు టేపు చుట్టి కలిపినవైతే మొత్తం మళ్లీ వేయించే ఖర్చు బేరంలో తగ్గించండి. టైర్ల అరుగుదల చూసి లాభం లేదు, ఈ కార్లు ఏడాదికి కొద్ది మైళ్లే తిరుగుతాయి. పక్కన ముద్రించిన తేదీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 1214 అంటే 2014లో 12వ వారం. అలాంటి పాత టైర్లతో వాన రోడ్డెక్కితే చాలా ప్రమాదం. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, బరువు వెయ్యి కిలోల పైచిలుకే. పాత మస్టాంగ్‌లో మామూలుగా అనిపించే 225 హార్స్‌పవర్ ఇందులో వేరేలా ఉంటుంది. రంగు సంగతి ఆఖరికి. తలుపుల మూలల్లో నక్షత్రంలా చీలిన గీతలుంటే బాడీ మీద అక్కడ ఒత్తిడి పడిందని అర్థం.

మీరు వచ్చేదాకా ఇంజను వేడి చేయొద్దని ముందే చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో అప్పుడే తెలుస్తుంది. ఫుల్ ప్యాంటు వేసుకెళ్లండి, దిగేటప్పుడు తలుపు కిందుగా పోయే సైలెన్సర్ గొట్టానికి పిక్క తగిలిందంటే బొబ్బే. కాళ్లు పెట్టే ఆ ఇరుకు చోట మీ బూట్లు రెండు పెడల్స్‌నీ ఒకేసారి తొక్కుతున్నాయేమో చూసుకోండి. కాస్త తిరిగొచ్చి, ఇంజను ఆపకుండా నిలబెట్టి, ఫ్యాను తిరిగాక టెంపరేచర్ ముల్లు దిగుతోందో లేదో గమనించండి. ఖాళీ రోడ్డు మీద నలభై మైళ్ల వేగంలో బ్రేకు తొక్కితే తిన్నగా ఆగాలి. గతుకుల్లో స్టీరింగు తనంతట తానే పక్కకి లాగితే ముందు సస్పెన్షన్ కొలతలు కుదరలేదన్నమాట. సరిచేయించవచ్చు, కానీ అంచనా వేయించాకే ధర మాట్లాడండి.

డబ్బు కట్టేముందు ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకోండి. విలువ ముందే ఒప్పుకుని రాసుకునే పాలసీ తీసుకోవాలి. మామూలు పాలసీలో ఇలాంటి కారుకి విలువ కట్టేటప్పుడు పేచీ వస్తుంది. ఇండియాకి పంపుదామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. సెకండ్ హ్యాండ్ కారు దిగుమతికి స్టీరింగు కుడివైపు ఉండాలి, వయసు మూడేళ్లు దాటకూడదు.

ఇంటికి తెచ్చాక ముందు బ్రేకు ఆయిలు, ఇంజను ఆయిలు, కూలెంటు మార్చి, టైర్లు పాతవైతే అవీ మార్చండి. వంద మైళ్లు తిరిగాక సస్పెన్షన్, స్టీరింగు, చక్రాల బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగించామో చూపే పనిముట్టు) మళ్లీ బిగించి, ఈసారి గీతలు మీరే గీయండి.