ట్యూనాను ఒంటి తీరును బట్టి గుర్తించడం ఎలా?

ట్యూనా చేపను గుర్తించదలచినవారు ముందుగా రంగును నమ్మడం మానుకోవాలి. నీటిలో ఉండగా మెరిసే నీలం, పసుపు ఛాయలు ప్రాణం పోయిన కొద్దిసేపటికే వెలిసిపోతాయి. ఆకారం మాత్రం మోసం చేయదు. అందుచేత పరిశీలనను తోక వైపు నుంచి మొదలుపెట్టడం మేలు. రెండో వీపు రెక్క నుంచి తోక దాకా, అడుగు వైపున కూడా, రంపపు పళ్లలా చిన్న రెక్కలు వరుసగా ఉంటాయి. అయితే అదే కుటుంబానికి చెందిన వంజరానికి, కానగంతకు కూడా ఇవి ఉంటాయి కనుక ఈ ఒక్క గుర్తుతో తేల్చకూడదు. ట్యూనా ఒళ్లు కదురులా నడుమ బలిసి, రెండు కొసలా సన్నబడుతుంది. మొదటి వీపు రెక్కను వేలితో వెనక్కి నొక్కి చూడండి. అది వీపు మీది గాడిలోకి పూర్తిగా ఒదిగిపోతుంది.

ఈ పొందికంతా ఎడతెగని ఈత కోసమే. ట్యూనా నోరు కొద్దిగా తెరిచి ముందుకు సాగుతూ ఉంటేనే మొప్పల మీదుగా తగినంత నీరు పారుతుంది. ఈత ఆగితే ఊపిరి ఆడదు. అంతకన్నా అబ్బురమైనది దాని ఒంటి వేడి. ఈతకు పనిచేసే ఎర్ర కండరాల వద్ద, వెళ్లే రక్తనాళాలూ తిరిగివచ్చే రక్తనాళాలూ వలలా పక్కపక్కనే అల్లుకుని ఉండి, వెచ్చని రక్తంలోని వేడి మొప్పల దాకా పోయి నీటిలో కలిసిపోకుండా, చల్లగా వచ్చే రక్తానికి అందేలా చేస్తాయి. అందువల్లనే అట్లాంటిక్ బ్లూఫిన్ అనే ట్యూనా జాతి ఉత్తరాన చలినీటిలో వేటాడి, గుడ్లు పెట్టడానికి మధ్యధరా సముద్రానికో మెక్సికో సింధుశాఖకో చేరగలుగుతుంది.

ఇక జాతులు. కడుపు మీద నిలువునా కాక, ఒంటి పొడవునా నల్లని చారలు సాగితే అది స్కిప్‌జాక్. మొప్పల వెనుక రెక్క రెండో వీపు రెక్కను దాటిపోయేంత పొడవుంటే అల్బకోర్ కావచ్చు, కానీ పిల్లల్లో ఈ రెక్క అంత పొడవుండదు. ఎదిగిన ఎల్లోఫిన్‌లో రెండో వీపు రెక్క, దానికి ఎదురుగా ఉండే అడుగు రెక్క కొడవళ్లలా సాగుతాయి.

అసలు చిక్కు చిన్న ఎల్లోఫిన్, బిగ్‌ఐ జాతుల దగ్గరే వస్తుంది. కంటి పరిమాణాన్ని బట్టి చెప్పేయడం తొందరపాటు. కడుపు కోసి కాలేయం అడుగుభాగం చూడాలి: అక్కడ సన్నని గీతలుంటే బిగ్‌ఐ, నునుపుగా ఉండి, కాలేయపు కుడి తమ్మె (పాయ) మిగతా తమ్మెలకన్నా పొడవుగా ఉంటే ఎల్లోఫిన్.