వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి కావలిలోనైనా, ఒంగోలులోనైనా పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట తిరుగుతుంది: కంప్యూటర్ సైన్సే తీసుకోవాలి. ఆ మాట మీకు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవాలంటే ముందుగా యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీని ఆపి, పాతది తుడిచివేయండి. చూసినవాటిని పోలినవాటినే అది మళ్ళీ మళ్ళీ ముందుకు తెస్తుంది కనుక, నాలుగు వీడియోలు చూసిన పిల్లవాడికి లోకమంతా అదే చెబుతున్నట్లు తోస్తుంది.

తరువాత మీకు నచ్చిన కోర్సులను ఒక తెల్లకాగితం మీద మీ చేతితో రాసుకోండి. ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాశాక కాలేజీలను, కోర్సులను ఇష్టపు వరుసలో ఆన్‌లైన్‌లో ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వరుసే ప్రాణం: మీ ర్యాంకుకు, రిజర్వేషన్‌కు అందే సీట్లలో జాబితాలో అన్నిటికంటే పైనున్నదే మీకు వస్తుంది, దాని కిందివాటిని ఆ కౌన్సెలింగ్ విడతలో చూడరు. అందుకే స్నేహితుడి జాబితాను ఉన్నదున్నట్లు దించుకోవడం మీ భవిష్యత్తును అతని ఇష్టానికి అప్పగించడమేనని నేను గట్టిగా నమ్ముతాను. గత ఏడాది ఏ సీటు ఏ ర్యాంకు వరకు వచ్చిందో అధికారిక జాబితాలోనే చూడండి.

రొయ్యల చెరువుల మధ్య పెరిగిన బైపీసీ విద్యార్థికి నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో 4 ఏళ్ళ బీఎఫ్‌ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకపు డిగ్రీ) ఉందన్న సంగతి రీల్స్‌లో కనబడకపోవచ్చు. ఒక ఆదివారం ఆ చదువు చదివినవారిని కలిసి, పని ఎలా ఉంటుందో, మొదటి జీతం ఎంతో అడిగి, ఆ కాగితం మీదే రాసుకోండి. ఆ తరువాతే అమ్మానాన్నలతో కూర్చుని వరుస ఖాయం చేయండి.