అడవి బాటలకు బండి ఎంచుకునే ముందు జాగ్రత్తలు

వేటకు, రాళ్లూ గుంటలూ ఉన్న దారులకు బండి కొనాలంటే ముందు మీరు తిరిగే బాట వెడల్పు చూసుకోండి. చెట్ల మధ్య సన్నని బాటైతే ఏటీవీ (బైకు మీద లాగా కూర్చుని హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి) చాలు. ఇద్దరు ముగ్గురు, సామానుతో వెళ్లేవాళ్లకు రోల్ కేజ్ (బోల్తా పడితే మనుషుల్ని కాపాడే గొట్టాల చట్రం), సీటు బెల్టులు ఉన్న యూటీవీ (పక్కపక్కనే కూర్చుని స్టీరింగుతో నడిపే బండి) మేలు. ఒక్కరి కోసం చేసిన ఏటీవీ మీద రెండో మనిషిని ఎక్కించొద్దు.

- బరువు: మనుషులు, ఇంధనం, నీళ్లు, తిరుగు ప్రయాణంలో వేటాడిన జంతువు అన్నీ కలిపినా కంపెనీ చెప్పిన పరిమితి దాటకూడదు. వెనక ర్యాక్ మీద ఎత్తుగా కడితే ఏటవాలు ఎక్కేటప్పుడు బండి వెనక్కి తిరగబడొచ్చు. నన్నడిగితే హార్స్‌పవర్ కన్నా ముందు చూడాల్సింది ఇదే.
- ఫోర్ వీల్ డ్రైవ్‌తో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందడం) పాటు లో రేంజ్ గేరు (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) ఉందా? నిటారుగా దిగేటప్పుడు బ్రేకుల మీద భారం తగ్గించేది అదే.
- గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు), టైర్ల పట్టు, స్కిడ్ ప్లేట్లు (రాళ్లు తగలకుండా బండి అడుగున ఉండే రేకులు) కూడా చూసుకోండి.
- వించ్ (ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే యంత్రం) సామర్థ్యం లోడుతో కలిపి బండి బరువుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇరుక్కున్న బండిని లాగడానికి టో బాల్‌కు (ట్రైలర్ తగిలించే గుండు) మాత్రం తాడు కట్టొద్దు. అది విరిగి ఎగిరొస్తే ప్రాణాలు పోతాయి.
- తుపాకీని ఖాళీ చేసి, కేసులో పెట్టి, కదలకుండా బిగించే చోటు ఉండాలి.
- మీరు వెళ్లే చోట వేటకు, ఆ రకం బండికి అనుమతి ఉందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.