అలాయ్స్ మార్చాక 80 దాటితే స్టీరింగ్ వణుకుతోందా? హబ్ దగ్గర ఖాళీ చూడండి

పాత ఇనుప రిమ్ములు తీసేసి 16 అంగుళాల అలాయ్స్ వేయించారు. ఊళ్లో తిరిగినంతసేపూ బండి హాయిగా ఉంది. ఓఆర్‌ఆర్ ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది, 100 దగ్గరికొచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి.

ముందు వీల్ విప్పి రిమ్ము లోపలి వైపు చూడండి. వానాకాలంలో అక్కడ గడ్డకట్టిన బురద ఒక్కటి చాలు బండి వణకడానికి, బ్యాలెన్సింగ్ కోసం అతికించిన వెయిట్ బిళ్ల ఊడినా అంతే. ఇంత చిన్న పని ఎవరూ చేయరు, నేరుగా షాపుకెళ్లి డబ్బు కట్టేస్తారు. అలైన్‌మెంట్ జోలికి వెళ్లకండి, అది తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపు అరుగుతుంది, అంతేగానీ ఇలా వణకదు.

ఇవన్నీ బాగుండి, బ్యాలెన్సింగ్ మెషీన్ కూడా సున్నా చూపిస్తున్నా వణుకు పోలేదంటే అసలు దొంగ అలాయ్ మధ్య రంధ్రం. బయట అమ్మే అలాయ్స్ రకరకాల కార్లకు పట్టాలి కాబట్టి ఆ రంధ్రం పెద్దగా ఉంచుతారు, 73.1 మి.మీ. తరచూ కనిపించే సైజు. ఆ రంధ్రంలోకి దూరేది హబ్, అంటే బండి వైపు వీల్ బిగించే చోట మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం. స్విఫ్ట్ హబ్ 54.1, పోలోది 57.1. స్విఫ్ట్‌కి 4 స్టడ్‌లు, 100 పీసీడీ (స్టడ్‌ల మధ్యల మీదుగా గీసే వృత్తం వ్యాసం) కలిసింది కదా అని షాపులో బిగించేస్తారు. హబ్ చుట్టూ మాత్రం తొమ్మిదిన్నర మి.మీ. ఖాళీ! కంపెనీ రిమ్ము హబ్ మీద కరెక్టుగా కూర్చుంటుంది, ఇది నట్లు ఎటు లాగితే అటు కూర్చుంటుంది. ఒక నట్టు ముందే గట్టిగా లాగేస్తే వీల్ వెంట్రుకవాసి జరిగి అక్కడే బిగుసుకుంటుంది. మెషీన్ మీదైతే అదే రంధ్రంలో కోన్ పెట్టి నడిమధ్యకు పడతారు, అందుకే అక్కడ సున్నా వస్తుంది. నా స్విఫ్ట్‌కి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించి, ఆనక టైర్లదే తప్పనుకుని రెండు కొత్తవి కొన్నాను. చివరికి పాత రిమ్ములు వేసి అదే రోడ్డు మీద వెళ్తే స్టీరింగ్ కదిలితే ఒట్టు. మీరు ఆ పరీక్ష మొదటి రోజే చేయండి.

పరిష్కారం హబ్ రింగ్, అంటే ఆ ఖాళీని నింపే కడియం. స్విఫ్ట్‌కైతే బయట 73.1, లోపల 54.1. మీ అలాయ్‌ని, మీ హబ్‌ని వర్నియర్‌తో కొలిచాకే కొనండి, స్కేలు చాలదు. హబ్ మీది తుప్పు శాండ్‌పేపర్‌తో గీకి, రింగ్‌ని అలాయ్ వెనక నుంచి నొక్కండి, వదులుగా ఆడిందంటే సైజు తప్పినట్టే. బండి జాకీ మీద ఉండగానే నట్లన్నీ చేత్తో తిప్పి, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి. కిందికి దించాక మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకు టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) వేయండి. షాపువాళ్లు నట్లు తిప్పే మెషీన్ గన్‌తో బిగిస్తామంటే ఒప్పుకోకండి. 100 కి.మీ. తిరిగాక నట్ల బిగువు మళ్లీ ఒకసారి చూడాలి.

పోలో వాళ్లకు ఇంకో మాట. కంపెనీ బోల్టు కూర్చునే చోటు గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్స్‌కి ఎక్కువగా కోన్ ఆకారం. పాత బోల్టులే వాడితే వదులైపోయి వీల్ ఊడే ప్రమాదం ఉంది, కాబట్టి అలాయ్‌కి తగ్గ బోల్టులే వేయించండి.

వణుకు సీటు కింద తెలిస్తే వెనక వీల్స్ చూడండి. బ్రేకు నొక్కినప్పుడే వస్తే డిస్క్, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వస్తే డ్రైవ్ షాఫ్ట్, వాటికి అలాయ్స్‌తో సంబంధం లేదు. రిమ్ము వంకరైతే మెషీన్ మీద తిరుగుతున్నప్పుడు కంటికే కనిపిస్తుంది.