ఏఆర్‌టీ మందులు ఆగిపోకుండా తోటివారికి తోడుగా ఉండటం ఎలా

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి ఒంట్లో రోగనిరోధక శక్తిని తెలిపే సీడీ4 కణాల సంఖ్య ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ చికిత్స మొదలుపెడుతున్నారు. అయినా మధ్యలో మానేసేవారు ఉన్నారు. ఒకనాటి కూలి పోగొట్టుకుని ఊరి నుంచి ఒంగోలుకో నెల్లూరుకో రావలసి రావడం, ఆస్పత్రి వరుసలో తెలిసినవారు చూస్తారేమోనన్న భయం, ఒళ్లు బాగుపడింది కదా ఇంకెందుకన్న ఆలోచన, వీటిలో ఏదో ఒకటి సాధారణంగా కారణమవుతుంది. ఈ సంగతులు డాక్టరు ముందు పైకి రావు. అదే మాత్ర రోజూ వేసుకుంటున్న మనిషి దగ్గర మాత్రం తేలిగ్గా వస్తాయి.

తోడుగా ఉండదలచినవారు తాము క్రమంగా మందులు వాడుతూ ఉండాలి, ఇతరుల విషయం ఎక్కడా నోరు జారకుండా దాచగలగాలి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. అందుకే మొదటిసారి కలిసినప్పుడే, ఫోన్ ఏ వేళకు చేయాలి, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి, ఇంటికి రావచ్చా అని అడిగి, వారు చెప్పినట్లే నడుచుకోవాలి. ఒంగోలు దగ్గరి కొత్తపట్నం తీరంలోని పల్లెల్లో కొత్త మనిషి ఒకరి గుమ్మం ముందు బండి ఆపితే ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది కాబట్టి, రమ్మని వారే పిలిచేదాకా ఇంటికి వెళ్లకుండా, ఆస్పత్రి ఆవరణలోనో బస్టాండులోనో కలవడం మంచిది.

మొదటి ఆరు నెలల్లో తోడు అవసరం చాలా ఎక్కువ. మూడు మందులు కలిపిన మాత్ర రోజుకొకటి వేసుకోవడమే చాలామందికి ఇప్పుడున్న చికిత్స, కానీ ఆ ఒక్క మాత్రకు వేళ కుదర్చడం వారి పనిని బట్టి ఉంటుంది. పొగాకు ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసుకునే మనిషికి "పడుకునే ముందు" అన్న మాటకు అర్థం ఉండదు, అతనికి పొద్దున టీ తాగే వేళ నయం. వేటకు వెళ్లేవారికి తడి తగలని చిన్న డబ్బాలో కొన్ని మాత్రలు వెంట ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్నప్పుడు వేరే ఊరికి పనికి పోతారేమో ముందే కనుక్కోవాలి. పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో వలస పోయేవారు చికిత్స వివరాలు రాసి ఉండే గ్రీన్ బుక్ వెంట తీసుకెళ్లాలి. ఎక్కువ కాలం ఉండేట్లయితే అక్కడి ఏఆర్‌టీ కేంద్రానికి బదిలీ చేయమని బయలుదేరకముందే కౌన్సెలర్‌ను అడగాలి. ఈ ఒక్క పని ముందుగా చేయిస్తే ఎన్నో చికిత్సలు తెగిపోకుండా ఉంటాయి.

మందులు తీసుకోవలసిన తేదీకి ఒకరోజు ముందు ఫోన్ చేయండి. తేదీ దాటితే మర్నాడే మళ్లీ చేయండి, వారాల తరబడి ఆగవద్దు. "మందులెందుకు ఆపావు?" అని నిలదీస్తే అబద్ధమే జవాబుగా వస్తుంది. "అక్కా, ఈ నెల పని ఎక్కడ? ఇంట్లో అందరూ బాగున్నారా? డబ్బాలో ఇంకా ఎన్ని మాత్రలున్నాయి?" అని అడిగితే అసలు ఇబ్బంది మెల్లగా తెలుస్తుంది. దారి ఖర్చుల ఇబ్బందైతే, ఒకేసారి ఎక్కువ నెలల మందులు ఇవ్వడానికి వీలవుతుందా, దగ్గర్లో మందులు ఇచ్చే చిన్న కేంద్రం (లింక్ ఏఆర్‌టీ కేంద్రం) ఉందా అని కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు.

వైద్యం చెప్పడం మన పని కాదు. మాత్ర మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలని, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదని మాత్రం అందరికీ తెలియాలి. నెలలో రెండు మాత్రలు తప్పినా, వేసుకోవలసిన మాత్రల్లో 95 శాతం కంటే తక్కువ వేసుకున్నట్లే. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం బిళ్లలు ఆ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందును ఒంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు కనుక, టీబీ మందులు మొదలైతే ఈ మందు మోతాదు మార్చవలసి వస్తుంది కనుక, ఇలాంటివి ఏవి వాడుతున్నా డాక్టరుకు చెప్పించాలి. పసరు మందుతో హెచ్‌ఐవీ పూర్తిగా పోతుందని నమ్మి మాత్రలు ఆపిన మనిషిని తిట్టకండి. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకుని ఫలితం చూద్దామని కేంద్రానికి తీసుకువెళ్లండి.

వైరల్ లోడ్ కాగితం గట్టి ఆధారం. మీ కాగితం చూపడానికి మీకు అభ్యంతరం లేకపోతే చూపించండి. పరీక్షకు అందనంతగా వైరస్ తగ్గి, అలాగే నిలిచి ఉన్నవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి హెచ్‌ఐవీ సోకదన్న మాట, పెళ్లైనవారికీ పెళ్లి చేసుకోవాలనుకునేవారికీ ఎంతో ధైర్యాన్నిస్తుంది. అదే మిల్లీలీటరు రక్తంలో వైరస్ 1000 కాపీలు, అంతకు మించి వస్తే, మాత్రలు తప్పకుండా వాడేలా కౌన్సెలింగ్ ఇచ్చి సుమారు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తారు. మందు మార్చాలా వద్దా అన్నది ఆ రెండో ఫలితాన్ని బట్టి తేలుతుంది కాబట్టి, ఆ మూడు నెలలూ వారు ఒప్పుకున్న వేళకు రోజూ ఒక్క ఫోన్ చేయండి.