వీడియో ప్రాజెక్టుతో పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడం ఎలా?

వీడియో ప్రాజెక్టు అనగానే పిల్లల ధ్యాస ఎడిటింగ్ మీదికీ, నేపథ్య సంగీతం మీదికీ మళ్లుతుంది. వాటికి వెచ్చించే సమయమంతా తెలుగులోనే గడిచిపోతుంది. మాట్లాడే నేర్పు పెరిగేది సరిగ్గా రాలేదని మళ్లీ మళ్లీ తీసుకునే టేకుల్లోనే కనుక, ఎడిటింగ్ లేకుండా ఏకబిగిన తీసిన ఒకటిన్నర నిమిషం వీడియో చాలునని ఉపాధ్యాయులు మొదటే చెప్పాలి.

అంశం ఎంపికలోనే సగం ఫలితం తేలిపోతుంది. పర్యావరణ కాలుష్యం వంటి అంశమిస్తే గైడులోని వ్యాసాన్ని బట్టీ పట్టి అప్పజెబుతారు. అందువల్ల ఉప్మా చేయడం, సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేయడం, పూలమాల కట్టడం వంటి చేసి చూపించగల పనులను ఇవ్వండి. చేతులు పనిలో ఉన్నప్పుడు తర్వాత ఏం చెప్పాలో ఆ పనే గుర్తుచేస్తుంది, కెమెరా బెరుకూ తగ్గుతుంది. పూర్తి స్క్రిప్టు రాయనివ్వకండి. ఎనిమిది పదాలకు మించని చిన్న చీటీని మాత్రం అనుమతించండి.

నలుగురేసి పిల్లలతో జట్లు కట్టండి. ఒకరు పని చేస్తూ వివరించాలి, ఒకరు చిత్రీకరించాలి, ఒకరు ప్రశ్నలడగాలి, ఒకరు సమయం చూడాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఒక్కరే అంతా మాట్లాడేసి మిగతావారు ఫోను పట్టుకుని నిలబడటం ఈ ప్రాజెక్టుల్లో పాత జబ్బు కాబట్టి, పాత్రలు మారుతూ నలుగురూ వివరించి తీరాలన్నది నియమం కావాలి.

అసలు ఫలితం ప్రశ్నల దగ్గర కనిపిస్తుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఉప్మా చేస్తూ ‘ఫస్ట్ వుయ్ ఆర్ పుట్ ఆయిల్’ అన్నదనుకోండి. అక్కడ ఆపి దిద్దకండి. పక్కనున్న పిల్లవాడు ‘వై మస్టర్డ్ ఫస్ట్?’ అని అడిగితే, తాలింపులో ఆవాలు చిటపటలాడాలన్న సంగతిని ఆమె తనకొచ్చిన మాటలతో అప్పటికప్పుడు చెప్పుకోవలసి వస్తుంది. ముందే అనుకోని ఆ రెండు వాక్యాలు, తడబాటుతో వచ్చినా సరే, మిగతా నిమిషమంతటికంటే విలువైనవి. టేకు ముగిశాక అందరూ కలిసి విని, ఒక్క తప్పును మాత్రమే ఎంచుకుని మరో టేకు తీయాలి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘ఎగ్’ అనవలసిన చోట ‘యెగ్గు’ అనడం మనకు అలవాటు. మాట్లాడేటప్పుడు చెవికి తట్టని ఆ ‘ఉ’కారం రికార్డింగులో స్పష్టంగా వినిపిస్తుంది.

చిత్రీకరణకు పెద్ద హంగులు అక్కర్లేదు. ఫ్యాను ఆపి, మాట్లాడేవారికి రెండు మూడు అడుగుల దూరంలో ఫోను పెడితే చాలు. అందరి ఇళ్లలోనూ స్మార్ట్‌ఫోన్ ఉంటుందనుకోవద్దు. బడిలోని ట్యాబుతోనో ఉపాధ్యాయుల ఫోనుతోనో బడి వేళల్లోనే తీయించడం న్యాయం. తల్లిదండ్రుల అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. వీడియోలను వాట్సాప్ స్టేటస్‌లోనో యూట్యూబ్‌లోనో పెట్టకుండా తరగతి గదిలోని టీవీ మీదో ఐ.ఎఫ్.పి. (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) అనే పెద్ద టచ్ తెర మీదో చూపించండి. ఆడపిల్లల విషయంలో ఈ ఒక్క జాగ్రత్తతోనే చాలామంది తల్లుల అభ్యంతరం తీరుతుంది.

ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో (చదువు సాగుతుండగానే చేసే మూల్యాంకనంలో) ప్రాజెక్టు పనికి మార్కులుంటే ఈ వీడియోనే అందుకు వాడుకోవచ్చు. మొదటి టేకును చెరపనివ్వకుండా దాచి, చివరి టేకుతో పోల్చి చూడండి: చీటీ వైపు చూపు తగ్గిందా, మాట వినబడుతోందా, ప్రశ్నకు సొంత వాక్యంతో జవాబిచ్చారా అన్నవే ముందు పరిశీలించి, వ్యాకరణానికి చివరి స్థానమివ్వండి.